9 ఏళ్ళకి తొందరపడ్డాం, 8 ఏళ్ళకి ఆలస్యం చేయబోయాం: మా ఇంటి క్లిప్పుల కథ

మీ ప్రశ్న చదువుతుంటే కొన్నేళ్ళ కిందట నేను పడ్డ టెన్షనే గుర్తొచ్చిందండి. పాపకి 8 ఏళ్ళు, పై ముందు పళ్ళ మధ్య సందు, వాటి పక్క పళ్ళు విసనకర్రలా బయటికి విచ్చుకున్నాయి, ఒక డాక్టరు వెంటనే క్లిప్పులు వేద్దామన్నారు, ఇంకొకరు 12 ఏళ్ళు వచ్చాక చూద్దామన్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. చివర్లో, నాకు 36, ఈమధ్య నా కింది పళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతున్నాయి, నాకు వయసు దాటిపోయిందా అని కూడా అడిగారు.

నేను డాక్టర్ని కాను. కానీ మా ఇంట్లో ముగ్గురికి క్లిప్పులు పడ్డాయి. మా అమ్మాయికి 9 ఏళ్ళకి వేయించాం, అది తొందరపాటు. మా అబ్బాయికి 8 ఏళ్ళకి వేయించాం, అది కొంచెంలో తప్పిన ఆలస్యం. నాకు 41కి. ఈ లెక్క చూస్తేనే మీకు అర్థమై ఉంటుంది, వయసు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే తేలదని. సరిచేయాల్సింది దవడ ఎముకనా, పళ్ళ వరసనా అన్నది ముందు తెలియాలి. ఎముకకి గడువు ఉంటుంది. పళ్ళకి పెద్దగా ఉండదు.

అమ్మాయిది అచ్చం మీ పాప కథే. ముందు సందు, పక్క పళ్ళు ఎటో చూస్తుండటం. నిజం చెప్పాలంటే దానికేం బాధ లేదు, ఫొటోలు చూసుకుని బాధపడింది నేను. ముందు నాలుగు పళ్ళకి క్లిప్పులు వేశారు, కొన్ని నెలల్లో సందు మూసుకుపోయింది, నేను తెగ మురిసిపోయాను. 12 ఏళ్ళకి కోర పళ్ళు దిగాక వరస మళ్ళీ చెదిరింది. 13కి మళ్ళీ మొదటి నుంచి పూర్తి క్లిప్పులు, ఇంకో 20 నెలలు. పైగా 9 ఏళ్ళ పిల్ల క్లిప్పుల చుట్టూ శుభ్రంగా ఎక్కడ తోముకుంటుంది? మొదటిసారి విప్పినప్పుడు రెండు పళ్ళ మీద తెల్ల మచ్చలు తేలాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ సందు ఎందుకొస్తుందో, మేము తర్వాత చూపించిన ఇంకో డాక్టరు నాకు ఎక్స్‌రే పెట్టి చూపించారు. పై కోర పళ్ళు ఇంకా ఎముకలోనే పైన ఉంటాయి. అవి కిందికి దిగే దారిలో పక్క పళ్ళ వేళ్ళని ముఖం మధ్యవైపుకి నెడతాయి. వేరు మధ్యకి జరిగితే పన్ను కొస బయటి పక్కకి విచ్చుకుంటుంది. 11-13 ఏళ్ళ మధ్య కోర పళ్ళు దిగుతుంటే చాలామందిలో ఆ సందు దానంతట అదే తగ్గిపోతుంది. దీన్ని వాళ్ళ భాషలో అగ్లీ డక్లింగ్ స్టేజ్, అంటే అందవికారపు బాతుపిల్ల దశ అంటారట. మా అమ్మాయికి వినపడకుండా చెప్పినందుకు డాక్టరుకి థాంక్స్. ఈ దశలో పక్క పళ్ళని బలవంతంగా మధ్యకి లాగితే వాటి వేళ్ళు వెళ్ళి దిగుతున్న కోర పన్నుకి తగిలి అరిగిపోయే ప్రమాదం కూడా ఉందని అప్పుడే తెలిసింది. మాకు అలా జరగలేదు, అది మా అదృష్టం.

అలాగని ప్రతి సందూ మూసుకుంటుందని కాదు. 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆశ ఎక్కువ. అంతకన్నా పెద్దదైతే మధ్యలో అదనపు పన్ను ఏదైనా దాక్కుందా, పై పెదవిని చిగురుకి కలిపే పొర మందంగా ఉందా అని చూస్తారు.

ఇక అబ్బాయి. అక్క అనుభవంతో నేను గట్టి పాఠం నేర్చుకున్నాననుకున్నాను: 12 వచ్చేదాకా క్లిప్పుల మాటే ఎత్తకూడదు. వాడి పళ్ళు పైకి చక్కగానే కనిపించేవి కూడా. పుచ్చు పన్ను నింపించడానికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు "నోరు మెల్లగా మూయి నాన్నా" అని రెండుమూడు సార్లు మూయించి నన్ను పిలిచి చూపించారు. పళ్ళు మొదట తగిలే చోట ఒకలా ఉంది, పూర్తిగా కరిచేసరికి కింది దవడ మొత్తం కుడివైపుకి జరుగుతోంది. పై దవడ ఇరుకుగా ఉండటంతో ఒక పక్క పై పళ్ళు కింది పళ్ళకి లోపలి వైపు పడుతున్నాయి. దీన్ని క్రాస్‌బైట్ అంటారు. ఏళ్ళ తరబడి అలాగే పక్కకి జరిపి నమిలితే దవడ కూడా అటే పెరిగి ముఖం వంకర తిరగొచ్చు.

పై దవడ రెండు సగాలుగా ఉంటుంది, అంగిలి మధ్యలో వాటి అతుకు. చిన్నపిల్లల్లో ఆ అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి రెండు సగాలనీ మెల్లగా విడదీయొచ్చు. వాడికి వేసింది ఎక్స్‌పాండర్, అంటే పై దవడని వెడల్పు చేసే పరికరం. రోజూ రాత్రి చిన్న తాళంచెవితో నేనే ఒక తిప్పు తిప్పేదాన్ని, తిప్పుకి పావు మిల్లీమీటరు. రెండో వారం వాడి ముందు పళ్ళ మధ్య ఉన్నట్టుండి పెద్ద సందు వచ్చింది. భయపడి ఫోన్ చేస్తే, "అతుకు విచ్చుకుందన్నమాట, మంచిదే" అన్నారు. కొన్ని వారాల్లో ఆ సందు మూసుకుపోయింది. తిప్పడం మూడు వారాల్లో అయిపోయింది కానీ, మధ్యలో కొత్త ఎముక నిండేదాకా ఆరు నెలలు దాన్ని అలాగే ఉంచారు. ఇదే పని 16-17 ఏళ్ళకి చేయాలంటే అతుకు గట్టిపడిపోయి, ఎముకలో స్క్రూలు బిగించో, ఆపరేషన్ చేసో విడదీయాల్సి వచ్చేదట. పైకి వంకరగా కనిపించిన అమ్మాయి పళ్ళు ఆగగలిగేవి, చక్కగా కనిపించిన వీడివే ఆగలేనివి.

అందుకే 7 ఏళ్ళకి ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి (పళ్ళ వరస, దవడల పొందిక సరిచేసే డాక్టరుకి) చూపించమని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ చెప్తుంది. చూపించమంటుంది, అంతే. అప్పటికి ముందు పళ్ళు, మొదటి పెద్ద దవడ పళ్ళు వచ్చేసి ఉంటాయి కాబట్టి ఎముకల పొందిక కనిపెట్టొచ్చు. మాలాంటి క్రాస్‌బైట్, కింది పళ్ళు పై పళ్ళకన్నా ముందుకి రావడం, శాశ్వత పళ్ళు వచ్చాక కూడా వేలు చప్పరించడం, పాలపళ్ళలో దవడ పన్ను ముందుగానే ఊడిపోయి వెనక పన్ను ఆ ఖాళీలోకి జరగడం, ఇలాంటివైతే 12 దాకా ఆగొద్దు. ఎత్తు పళ్ళ సంగతి మధ్యస్థం. చిన్నప్పుడే ఒక విడత వేసి, పెద్దయ్యాక ఇంకో విడత వేసినా, పెద్దయ్యాక ఒకేసారి వేసినా చివరికి పళ్ళ అమరిక దాదాపు ఒకటేనని పోల్చి చూసిన అధ్యయనాలు చెప్తున్నాయి. ముందే చేయిస్తే తేలిన లాభం ఒకటే, పడినప్పుడు ముందు పళ్ళకి దెబ్బ తగిలే అవకాశం తగ్గడం. పిల్లలు బాగా దూకుడైతే అదీ చిన్న లాభం కాదు. కింది దవడ వెనక్కి ఉండటం వల్ల వచ్చిన ఎత్తు అయితే మాత్రం, పిల్లలు ఒక్కసారిగా పొడుగెదిగే సమయంలో చేయిస్తే ఆ ఎదుగుదల కలిసొస్తుంది. ఆడపిల్లలకి అది మగపిల్లలకన్నా సుమారు రెండేళ్ళు ముందే వస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. 36 ఏమీ ఆలస్యం కాదు. పన్ను మీద మెల్లగా ఒత్తిడి పెడితే ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్తది నిండుతుంది, పన్ను నెలకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఇది ఏ వయసులోనైనా జరిగేదే. పెద్దవాళ్ళకి లేనిది ఎదుగుదల, కాబట్టి దవడల్లోనే పెద్ద తేడా ఉంటే క్లిప్పులొక్కటే చాలవు, ఆపరేషన్ మాట వస్తుంది. కింది ముందు పళ్ళు వయసుతో ఇరుకవడం మాత్రం చాలా మామూలు. నేను జ్ఞాన దంతాలు నెట్టాయని ఏళ్ళ తరబడి వాటిని తిట్టుకున్నాను. డాక్టరు నవ్వి, వాటి మీద నేరం రుజువు కాలేదన్నారు.

నా విషయంలో అసలు అడ్డం చిగుళ్ళు. తోముకుంటే రక్తం వచ్చేది, పట్టించుకోలేదు. ఎక్స్‌రేలో కింది పళ్ళ చుట్టూ ఎముక కొంత తగ్గి కనిపించింది. చిగుళ్ళ జబ్బు అదుపులో లేకుండా పళ్ళు జరిపితే ఉన్న ఎముక కూడా పోతుందని, ముందు నాలుగు నెలలు చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేసి, రక్తం ఆగాకే క్లిప్పులు మొదలుపెట్టారు. మొత్తం 22 నెలలు పట్టింది. అలైనర్లు, అంటే తీసి పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు, రోజుకి 20-22 గంటలు పెట్టుకోవాలన్నారు. నా సంగతి నాకు తెలుసు, తీసి ఎక్కడో పెట్టి మర్చిపోతాను, అందుకే ఇనుప క్లిప్పులకే ఓటేశాను. బిగించిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు సలుపు. ఆఫీసులో అందరూ చూస్తారని భయపడ్డాను కానీ రెండో రోజుకే ఎవరికీ పట్టలేదు. ముందుగా ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది: ఇరుకు పోయాక కింది పళ్ళ మధ్య చిగురు దగ్గర చిన్న నల్ల త్రికోణాల్లాంటి ఖాళీలు మిగిలాయి. ఎముక తగ్గినవాళ్ళకి అది మామూలేనట. మొదలుపెట్టే ముందే అడిగి తెలుసుకోండి.

విప్పాక రిటైనర్ (పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునే పరికరం) సంగతి తేలిగ్గా తీసుకోకండి. నేను ఒక్కసారి మూడు వారాలు పెట్టుకోలేదు, తర్వాత పెట్టబోతే పట్టలేదు. కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు రోజూ రాత్రి నేను, మా అమ్మాయి ఒకరినొకరు గుర్తు చేసుకుంటాం.

మీ పాపకి 12 దాకా ఆగుదామన్న డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళండి. వెళ్ళినప్పుడు అదనపు పన్ను ఏమైనా ఉందా, నోరు మూస్తున్నప్పుడు దవడ పక్కకి జరుగుతోందా అని అడగండి. రెండిటికీ లేదన్నారంటే హాయిగా ఆగొచ్చు. 10 ఏళ్ళప్పుడు మాత్రం ఒకసారి కోర పళ్ళ కోసం చూపించండి, ఆ వయసుకి పై చిగురు మీద వేలితో తడిమితే వాటి ఉబ్బు తెలుస్తుంది. తెలియకపోతే అవి లోపల దారి తప్పాయేమో ఎక్స్‌రే తీసి చూస్తారు, అప్పుడే కనిపెడితే పాల కోర పన్ను పీకి దారి సరిచేసే అవకాశం ఉంటుంది. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి, పాప దిగాక అదే కుర్చీలో మీరూ కూర్చుని చిగుళ్ళు చూపించుకోండి.