తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగు

చిరంజీవి తల్లికి,

ఆశీస్సులు. నీ ఫోను వచ్చిన రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను. తొమ్మిదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పని పిల్లవి నువ్వు. ఇప్పుడు బళ్లూ హాస్టళ్లూ తిరిగి, పిల్లల మానసిక ఆరోగ్యం గురించీ కొట్లాటలూ వేధింపులూ ఆపడం గురించీ టీచర్లకూ వార్డెన్లకూ ఇచ్చిన శిక్షణ ఎంతవరకు పనిచేస్తోందో తేల్చబోతున్నావు. "ఎక్కడ మొదలుపెట్టాలి టీచర్?" అన్నావు. ఫోనులో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. రిటైరైన కొత్తలో ఇలాంటి బృందంతోనే ఒక బాలికల హాస్టల్‌కి వెళ్లాను. శిక్షణ అయ్యి ఆరు నెలలైంది. వరండాలో పచ్చరంగు పెట్టె, దాని మీద 'మీ సమస్య రాసి ఇందులో వేయండి' అని అక్షరాలు. రిజిస్టరు తెప్పించి చూశాను. ఆరు నెలల్లో ఒక్క చీటీ లేదు. 'సమస్యలేవీ నమోదు కాలేదు' అని రాసుకుని, మంచిదే కదా అనుకున్నాను. జీపెక్కబోతుంటే వంటామె వెనకే వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది: పిల్లలు ఎవరి మీద చీటీ రాయాలనుకుంటారో, ఆ పెట్టె తాళంచెవి ఆ మనిషి బొడ్లోనే ఉంటుందని.

అందుకే సున్నా కనిపిస్తే సంతోషించకు. పిల్లలకు నమ్మకం కుదిరిన చోట మొదటి కొన్ని నెలలు ఫిర్యాదులు పెరుగుతాయి. అంతకుముందు కూడా ఆ బాధలు ఉన్నవే, చెప్పుకోడానికి మనిషి దొరికాక బయటికొస్తాయి. ఈ మాట పని మొదలుపెట్టక ముందే అధికారులకు చెప్పి, మీటింగు మినిట్సులో రాయించు. లేకపోతే, అంకెలు పెరగ్గానే 'మీ కార్యక్రమం వచ్చాకే మా హాస్టల్ చెడింది' అంటారు. ఆ మాటకి భయపడి వార్డెన్ చీటీలు దాచేస్తుంది.

ఇక శిక్షణ సంగతి. చివరి రోజు సాయంత్రం టీఏ, డీఏ సంతకాల బల్ల దగ్గర ఇచ్చే ఫీడ్‌బ్యాక్ కాగితాలు నీకు కట్టలుకట్టలుగా ఇస్తారు. అన్నింటిలోనూ 'చాలా బాగుంది' అనే ఉంటుంది. వాటి మీద ఒక పూట కంటే ఎక్కువ ఖర్చు పెట్టకు. అమెరికాలో కిర్క్‌పాట్రిక్ అనే ప్రొఫెసరు 1959లోనే శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, దానివల్ల ఏమైనా మారిందా. మనం మొదటి మెట్టు మీదే చాప పరుచుకుని కూర్చుంటాం. శిక్షణ చివర పరీక్ష పెట్టినవాళ్లు రెండోది ఎక్కుతారు. నీ పని మూడూ నాలుగూ.

మూడోదానికి కాగితం పరీక్ష పనికిరాదు. నేను చివర్లో ఒక పద్ధతి పట్టుకున్నాను, నువ్వూ చేసి చూడు. శిక్షణ అయిన మూడు నాలుగు నెలలకు వెళ్లి, వార్డెన్ ఎదురుగా నువ్వే పిల్లలా కూర్చో. "రెండ్రోజుల నుంచి అన్నం తినబుద్ధి కావట్లేదు మేడం" అను. ఆమె ఎంతసేపు వింటుంది, ఎన్నో మాటకి సలహా మొదలుపెడుతుంది, 'మీ అమ్మానాన్న ఎంత కష్టపడుతున్నారో తెలుసా' అనే మాట వస్తుందా రాదా, గమనించు. 'ముందుగా సానుభూతితో వినాలి' అని పరీక్షలో శుద్ధంగా రాసినావిడే అర నిమిషంలో నన్ను మందలించడం నేను చూశాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎనభై మంది ఆడపిల్లల్ని ఒక్కతే చూసుకుంటోంది. విన్నదాన్ని అలవాటు చేసుకునేదాకా పక్కన నిలబడే మనిషి ఆమెకు లేదు, అంతే.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇక్కడుంది, అందుకే నిదానంగా రాస్తాను. శిక్షణకి వేసే మార్కులకన్నా, ఆ తర్వాత ఆ మనిషికి దొరికిన అండకి వేసే మార్కులు ముఖ్యం. బీహార్‌లో నలంద జిల్లాలో 74 ప్రభుత్వ బళ్లలో ఒక పెద్ద పరిశీలన జరిగింది. పేరు సెహర్. ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బళ్లలో ఆ పని కోసమే ఒక కౌన్సెలర్‌ని పెట్టారు. డాక్టరేం కాదు, శిక్షణ పొందిన మామూలు మనిషి. ఇంకొన్ని బళ్లలో అదే పనిని అక్కడి టీచరుకే అప్పజెప్పారు. మిగతావాటిలో ఈ కార్యక్రమం లేదు. గోడపత్రిక, మనసులో మాట వేసే పెట్టె, పిల్లల బృందాలు, విడిగా కూర్చుని మాట్లాడటం, ఇలా రెండు చోట్లా కార్యక్రమం ఒకటే. కౌన్సెలర్ ఉన్న బళ్లలో వాతావరణం మెరుగైంది, దిగులు తగ్గింది, ఏడిపించడాలూ కొట్టుకోవడాలూ తగ్గాయి. టీచర్లకి అప్పజెప్పిన బళ్లకీ, కార్యక్రమం లేని బళ్లకీ తేడా కనిపించలేదు.

ఇది చదివి టీచర్లు పనికిరారని తీర్మానించకు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసినదాన్ని, నాకు తెలుసు. రోజుకి ఆరు పీరియడ్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు, ఎన్నికల డ్యూటీ. వీటన్నిటి మీద 'పిల్లల మనసు కూడా నువ్వే చూడు' అంటే ఎక్కడ చూస్తుంది? కేంద్ర ప్రభుత్వ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కూడా ఈ పనికి బడికి ఇద్దరు టీచర్లనే ఎంచుకుంది. కాబట్టి నువ్వు వెళ్లిన ప్రతి బడిలో టైంటేబుల్ చేతిలోకి తీసుకో. ఈ పనికి అందులో ఒక్క పీరియడైనా ఉందా? శిక్షణ పొందిన మనిషి ఇంకా అక్కడే ఉందా, బదిలీ అయిందా? బదిలీ అయితే వచ్చినామెకు ఎవరు నేర్పారు? ఒక పిల్ల విషయం చేయి దాటుతోందనిపిస్తే ఈమె ఎవరికి ఫోన్ చేస్తుంది? ఆ నంబరుకి నీ ఎదుటే చేయించు. నేను అలా చేయించినప్పుడు సగం చోట్ల ఫోను ఎత్తలేదు. ఈ ఒక్క పనే నా రిపోర్టుకి బలమైంది.

శిక్షణ మెట్లు దిగేకొద్దీ ఎలా పలచబడుతుందో కూడా లెక్క కట్టు. రాష్ట్రంలో అయిదు రోజులు నేర్చుకున్నది జిల్లాకొచ్చేసరికి మూడు రోజులు, మండలంలో ఒక రోజు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో గంట. ఆ గంటలో ముందు కోసేసేది నటించి చూపించే భాగాన్నే. మిగిలేవి స్లైడ్లు.

గోడల మీద 14416 అంటించి ఉంటుంది, 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంటుంది. రెండూ మంచివే. కానీ హాస్టల్ పిల్ల చేతిలో ఫోను ఉండదు కదమ్మా. ఉన్న ఒక్క ఫోనూ వార్డెన్ గదిలో, వార్డెన్ వింటుండగా. పోస్టరు ఉందా అని టిక్కు పెట్టి వచ్చేయకు. ఎవరికీ చెప్పకుండా ఆ నంబరుకి చేయగలవా అని పిల్లల్నే అడుగు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి అంది. ఇక శిక్షణలు జోరుగా జరుగుతాయి, సంతకాల షీట్లు నిండుతాయి. అందుకే నీలాంటివాళ్లు గట్టిగా చూడాల్సిన కాలం ఇది.

పిల్లల్ని అడిగే ప్రశ్నల మీద మాత్రం ఎంత సమయం పెట్టినా వృథా కాదు. 'మీ పాఠశాలలో హింస జరుగుతోందా?' అని అడిగితే ఒక్కరూ అవుననరు. దెబ్బని మన పిల్లలు హింస అనుకోరు, 'భయం చెప్పడం' అనుకుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో కొట్టడం నిషేధం, అయినా 'దండం దశగుణం భవేత్' స్టాఫ్ రూముల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. కాబట్టి చేసిన పనిని పేరు పెట్టి అడుగు: పోయిన వారంలో ఎవరైనా చెంప మీద కొట్టారా, చెవి మెలిపెట్టారా, గోడకుర్చీ వేయించారా, కులం పేరుతో పిలిచారా, నీ పెట్టెలో వస్తువులు లాక్కున్నారా? మనసు సంగతీ అంతే. డిప్రెషన్ అన్న మాట సినిమాల్లో విని ఉంటారు గానీ తమ బాధకి ఆ పేరు పెట్టరు. 'ఏం తోచట్లేదు', 'కడుపులో నొప్పి', 'పుస్తకం తీస్తే గుండె దడ' అంటారు. ప్రశ్నాపత్రాన్ని ముందు పది మంది పిల్లలకి చదివి వినిపించి, నీకేం అర్థమైంది అని అడుగు.

మగపిల్లల హాస్టళ్లని వదిలేయకు. హింస గురించిన శిక్షణ అంటే ఆడపిల్లలకి జాగ్రత్తలు చెప్పడంతోనే చాలాచోట్ల అయిపోతుంది. సీనియర్ల చేతిలో తన్నులు తిన్న ఎనిమిదో తరగతి కుర్రాడిని ఎవరూ అడగరు.

ఇప్పుడు నాకు రాయడానికి కష్టమైన సంగతి. ఒక సర్వేలో ఫారం నింపేశాక ఒక పాప లేవకుండా నా దగ్గరే కూర్చుంది. ఇంకా నలభై ఫారాలు మిగిలాయి. "క్లాసుకి వెళ్లమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. ఆ పాప ఏం చెప్పాలనుకుందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఉగాండాలో బళ్లలో కొట్టడం తగ్గించే ఒక కార్యక్రమాన్ని 42 ప్రాథమిక పాఠశాలల్లో పరీక్షించారు. కార్యక్రమం ఉన్న చోట గడిచిన వారంలో సిబ్బంది చేతిలో దెబ్బలు తిన్న పిల్లలు 31 శాతం, లేని చోట దాదాపు 49 శాతం. ఆ ఫలితం గొప్పదే. నాకు దానికన్నా ముఖ్యమనిపించింది ఇంకోటి: చివరి సర్వేలో పిల్లలు చెప్పిన మాటల వల్ల 434 మందిని బాలల రక్షణ సేవలకి పంపాల్సివచ్చింది. అడిగితే పిల్లలు చెప్తారు. చెప్పాక ఏం చేయాలో తెలియకుండా అడగడం పాపం. కాబట్టి మొదటి ఫారం ఇచ్చేముందే జిల్లా బాలల సంరక్షణ విభాగంతో, దగ్గరి ఆసుపత్రి మానసిక వైద్యులతో మాట్లాడి, ఏ రోజు ఎవరు అందుబాటులో ఉంటారో రాయించుకో. పీహెచ్‌క్యూ-9 (దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) వాడితే తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. ఆ ఫారాలు కట్టకట్టి హైదరాబాదు పంపే సరుకు కాదు. బడి దాటేలోపు ప్రతి ఒక్కటీ చూడాలి, అవునన్న పిల్లతో ఆ రోజే ఒక మనిషి కూర్చోవాలి. లైంగిక వేధింపుల మాట వస్తే పోక్సో చట్టం ప్రకారం నువ్వూ పోలీసులకి తెలియజేయాల్సిందే. అందుకని 'ఏం చెప్పినా రహస్యంగా ఉంచుతాను' అని పిల్లలకి మాటివ్వకు. ఏది దాచగలవో, ఏది దాచలేవో ముందే చెప్పు. తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఒప్పుకోలూ తీసుకో, వద్దన్న పిల్లని బతిమాలకు.

ఆసుపత్రికి పంపితే పిల్లలు నిజంగా వెళ్తున్నారా అనేదీ కనుక్కో. మన దగ్గర 'ఎర్రగడ్డకి పంపిస్తా' అనేది తిట్టు. చీటీ రాసిచ్చారు సరే, తోడు ఎవరు వెళ్లారు, బస్సు చార్జీ ఎవరిచ్చారు, రెండోసారి వెళ్లారా? పంపినవాళ్ల లెక్క అందరూ చూపిస్తారు, చేరినవాళ్ల లెక్క అడుగు.

కొలిచే నెలలూ చూసుకో. జులైలో ఒకసారి కొలిచి, మళ్లీ ఫిబ్రవరిలో కొలిస్తే ఇంటర్ పిల్లల దిగులు పెరిగినట్టే వస్తుంది, పరీక్షలు నెత్తి మీద ఉంటాయి గనుక. ఒకే నెలలో ఏడాది తేడాతో కొలువు, కార్యక్రమం లేని బళ్లని కొన్ని పక్కన పెట్టుకుని పోల్చు. మూడు నెలల్లో ఫలితం కావాలంటే ఒప్పుకోకు. నలందలో ఎనిమిది నెలలకి కనిపించిన మార్పు పదిహేడు నెలలకి ఇంకా పెరిగింది.

ప్రశ్నాపత్రం అచ్చుకి ఇచ్చేముందు నాకు ఒక కాపీ పంపు. మా వీధిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సాయంత్రం నా దగ్గరికి లెక్కలకి వస్తారు. వాళ్లకి చదివి వినిపించి, ఎక్కడ తడబడ్డారో గుర్తు పెట్టి వారంలోగా తిప్పి పంపుతాను. అచ్చు పెద్దదిగా వేయించు, నా కళ్లకి చిన్న అక్షరాలు ఆనడం లేదు.

మీ టీచర్