మామగారి మందులు: నార్కాన్ ఎందుకిచ్చారంటే

మోకాలి ఆపరేషన్ తర్వాత మీ మామగారికి ఆక్సికోడోన్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) 10 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు రాశారు, అడక్కుండానే ఫార్మసిస్టు నార్కాన్ స్ప్రే (అలాంటి మందు ఎక్కువై ఊపిరి మందగిస్తే ముక్కులో కొట్టే విరుగుడు) కూడా ఇచ్చాడు, మమ్మల్ని అనుమానిస్తున్నారా అని మీ ఉత్తరంలో బాధపడ్డారు. అనుమానం కాదండీ, లెక్క. రోజుకు 40 మి.గ్రా.ని 1.5తో హెచ్చిస్తే 60 మి.గ్రా. మార్ఫిన్‌తో సమానం. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 50 మి.గ్రా. మార్ఫిన్‌కి సమానమైన మోతాదు దగ్గర్నుంచే నాలోక్సోన్ ఇవ్వజూపాలి. నార్కాన్ అంటే అదే.

అసలు భయపడాల్సింది మీరు చివర్లో రాసిన ముక్కకి: నిద్ర కోసం ఇండియా నుంచి తెచ్చుకున్న ఆల్ప్రజోలం. ఆక్సికోడోన్‌తో ఇది కలిస్తే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. డాక్టరు రాష్ట్ర ప్రిస్క్రిప్షన్ డేటాబేస్ చూసే ఉంటారు, కానీ హైదరాబాద్‌లో కొన్న స్ట్రిప్ అందులో కనబడదు. తర్వాతి డోసు వేసుకునేలోపే డాక్టరుకి ఫోన్ చేసి మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి. ఆల్ప్రజోలం రోజూ వాడే మనిషైతే మీ అంతట మీరు ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు.

స్ప్రేని పరీక్షించడానికి నొక్కి చూడొద్దు. ఒక్కోదాంట్లో ఒక్క డోసే ఉంటుంది. లేపినా లేవకపోయినా, గురక గరగరమని వస్తున్నా, పెదాలు నీలంగా మారినా 911కి ఫోన్ చేసి, తల వెనక్కి వంచి, ఒక ముక్కురంధ్రంలో పూర్తిగా నొక్కండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 2-3 నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, స్ప్రే ప్రభావం తగ్గాక మళ్లీ ఊపిరి మందగించవచ్చు.

మిగిలిన ఆక్సికోడోన్ మాత్రలు ఇంట్లో దాచకండి, ఫార్మసీలో వాడని మందులు వెనక్కి తీసుకునే టేక్‌బ్యాక్ డబ్బాలో వేసేయండి.