ఎన్‌డీఏ పాత పేపర్లు: ఆ 57లో నీకు నిజంగా వచ్చినవి ఎన్ని?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష రాద్దామని పదేళ్ల పాత పేపర్ల పుస్తకం కొని ఇప్పటికి ఆరు మ్యాథ్స్ పేపర్లు చేశాను. 120కి 120 ప్రశ్నలూ పెడుతున్నాను. 57 దాకా కరెక్ట్ అవుతున్నాయి కానీ మైనస్ మార్కులు తీసేస్తే 300కి 90 దగ్గరే ఆగిపోతున్నాను. మిగతా పేపర్లన్నీ చేసేస్తే చాలా, లేక నాన్న అంటున్నట్టు డెహ్రాడూన్ కోచింగ్‌కి వెళ్లాలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట. ఏడో పేపర్ అప్పుడే తెరవకు. చేసిన ఆరు పేపర్లలోనే నీకు కావాల్సింది ఇంకా చాలా ఉంది, అది తీసుకోకుండా కొత్త పేపర్లు ఖర్చు చేసుకుంటే చివర్లో నిన్ను నువ్వు పరీక్షించుకోవడానికి ఒక్కటీ మిగలదు.

నీ లెక్కే చూద్దాం. కరెక్ట్ అయిన ప్రశ్నకు రెండున్నర మార్కులు, తప్పయితే అందులో మూడో వంతు, అంటే సుమారు 0.83 పోతుంది. 57 కరెక్ట్ అంటే 142.5, తప్పు పోయిన 63కి 52.5 కోత, మిగిలింది సరిగ్గా 90. ఇప్పుడు ఇంకోలా ఆలోచించు. నీకు నిజంగా వచ్చిన ప్రశ్నలు 36 మాత్రమే అనుకో, మిగతా 84 గుడ్డిగా పెట్టావనుకో. నాలుగు ఆప్షన్లలో ఒకటి కాబట్టి 84లో 21 దాకా తగులుతాయి, 63 తప్పుతాయి. 36కి 21 కలిపితే 57! ఆ 84 ప్రశ్నలూ నీకు తెచ్చింది సున్నా, ఎందుకంటే 21కి వచ్చిన 52.5 మార్కులు 63కి పోయిన 52.5తో చెల్లుకు చెల్లయిపోయాయి. నీ విషయంలో సరిగ్గా ఇలాగే జరిగిందని అనను, కానీ 57 అనే అంకె చూసి సగం సిలబస్ వచ్చేసిందని అనుకుంటే మాత్రం మోసపోతావు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. మన దగ్గర ఈఏపీసెట్‌లో మైనస్ మార్కుల్లేవు, అందుకని చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేయమని రెండేళ్లూ చెవిలో నూరిపోస్తారు, అక్కడ అది సరైన సలహానే. ఆ అలవాటు ఎన్‌డీఏలోకి తెచ్చుకోవద్దు.

కాబట్టి పేపర్ చేసేటప్పుడే, కీ చూడకముందే, ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఖాయంగా వచ్చినదానికి టిక్కు, రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండింటి మధ్య ఊగిసలాడినదానికి చుక్క, అసలేమీ తెలియనిదానికి సున్నా. చివర్లో మూడింటికీ విడివిడిగా మార్కులు లెక్కవెయ్యి. చుక్క పెట్టినవి ధైర్యంగా రాయవచ్చు, అలాంటివి 30 ఉండి సగం కరెక్ట్ అయినా మైనస్ పోగా 25 మార్కులు మిగులుతాయి. సున్నా పెట్టినవి ఖాళీగా వదిలెయ్. అందరూ పట్టించుకోనిది టిక్కు పెట్టి తప్పు చేసినవాటిని. వస్తుందనుకుని తప్పు చేసిన ప్రశ్న రాని ప్రశ్న కంటే ప్రమాదం, వాటిని మాత్రం ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి, ఎక్కడ జారావో (సూత్రమా, గుర్తు తేడానా, తొందరా) పక్కన ఒక్క వాక్యం రాసుకో.

సున్నాలు ఏ చాప్టర్లలో గుంపుగా పడ్డాయో కూడా చూడు. మన ఇంటర్ పిల్లలకు మాత్రికలు, త్రికోణమితి, అవకలనం బాగానే వస్తాయి. దెబ్బ తగిలేది సెట్లు, శ్రేఢులు, బైనరీ సంఖ్యలు, సహసంబంధం లాంటి చోట్ల. పదో తరగతిలో చూసి మరిచిపోయినవి కొన్ని, మన లెక్చరర్లు పెద్దగా చెప్పనివి కొన్ని. ఇవి కష్టమైనవేం కావు. 1101 అనే బైనరీ సంఖ్య విలువెంత అంటే 8, 4, 1 కూడితే 13, పావు నిమిషం పని. స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ ప్రశ్నలు ఈమధ్య పేపర్లలో ఎక్కువగా చివర్లో ఉంటున్నాయి, ఒకటో ప్రశ్న నుంచి వరసగా చేసుకుంటూ వచ్చేవాళ్లు వాటి దాకా వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. రెండున్నర గంటలకు 120 ప్రశ్నలంటే ఒక్కోదానికి 75 సెకన్లే కదా. ఒకసారి వెనక నుంచి మొదలుపెట్టి చూడు.

ఇక అసలు విషయానికొస్తాను. నువ్వు అడిగినదాంట్లో రెండో పేపర్ జీఏటీ (జనరల్ ఎబిలిటీ టెస్ట్) ఊసే లేదు. మ్యాథ్స్ 300 అయితే జీఏటీ 600 తమ్ముడూ! అందులో ఇంగ్లిష్‌కి 200, మిగతా 400లో ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి దాదాపు 160, చరిత్ర, భూగోళం కలిపి మరో 160. ఎంపీసీలో చేరాక సోషల్ పుస్తకం మొహం చూసి ఉండవు, అందుకే నీకు తొందరగా మార్కులు పెరిగే చోటు ఇదే. రాత పరీక్ష కటాఫ్ 2022 మొదటి పరీక్షకు 900కి 360, 2023 రెండో పరీక్షకు 292. మ్యాథ్స్‌లో నీ 90కి జీఏటీలో 230 తోడైతే 320. ఒక ఏడాది గట్టెక్కే మార్కు, ఇంకో ఏడాది ఇంటికి పంపే మార్కు. జీఏటీ పాత పేపర్లలో కరెంట్ అఫైర్స్ వదిలెయ్, అవి పాతబడిపోయాయి. సైన్స్, భూగోళం, స్వాతంత్ర్యోద్యమం మాత్రం అదే అంశం మాట మార్చి మళ్లీ మళ్లీ అడుగుతారు, అందుకని జవాబు బట్టీపట్టకుండా ఆ ప్రశ్న వెనకున్న పాఠం ఒక పేజీ చదువు.

ఇంకో రెండు జాగ్రత్తలు. గైడు పుస్తకాల కీలలో తప్పులుంటాయి, యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో పేపర్లూ అధికారిక కీలూ ఉచితంగానే దొరుకుతాయి, అవే వాడు. ప్రశ్నల వరస మార్చి A, B, C, D సిరీస్‌లుగా పేపర్ ఇస్తారు, కీ చూసేటప్పుడు నీది వాటిలో ఏదో సరిచూసుకో. A సిరీస్ పేపర్‌ని B సిరీస్ కీతో దిద్దుకుని రెండు రోజులు అన్నం సరిగా తినని కుర్రాడు నాకు తెలుసు. ఇంటర్ పేపర్‌లా తెలుగు మీడియం ఉండదు, ఇంగ్లిష్, హిందీలోనే ఇస్తారు, ఇంగ్లిష్‌లో ప్రశ్న చదివే వేగం కూడా పాత పేపర్లతోనే వస్తుంది. గత రెండేళ్ల పేపర్లు ముట్టుకోకుండా దాచి, పరీక్షకు ముందు నెలలో ఆదివారాలు పది గంటలకు మ్యాథ్స్, రెండు గంటలకు జీఏటీ, మధ్యలో ఇంట్లో భోజనం, అచ్చం పరీక్ష రోజులాగే, ఓఎమ్మార్ షీట్ మీద నల్ల బాల్‌పెన్‌తో రాయి. మధ్యాహ్నం మూడున్నరకు బుర్ర ఎలా మొద్దుబారుతుందో అప్పుడు గానీ తెలియదు.

కోచింగ్ గురించి నాన్నగారి ఆరాటం నాకు అర్థమవుతుంది. మీ పక్కనే ఉన్న మిలటరీ మాధవరం నుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్నారు, కొడుకు ఆఫీసర్ హోదాలో వెళ్లాలని ఆ చుట్టుపక్కల ఏ తండ్రికి ఉండదు! అయినా ఇంటర్ మధ్యలో వదిలి వెళ్లొద్దు, పన్నెండో తరగతి పాసవకపోతే ఖడక్‌వాస్లాలోని అకాడమీలో చేర్చుకోరు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, కోర్సు మొదలయ్యే నాటికి పంతొమ్మిదిన్నరేళ్లు దాటకుండా ఉంటే అవకాశం ఉంది. రాత పాసయ్యాక ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూకి మరో 900 మార్కులు, డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే దాని సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

ఈ ఆదివారం మొదట చేసిన పేపర్ మళ్లీ తీసి, టిక్కు, చుక్క, సున్నా పెట్టుకుంటూ చెయ్యి. కొన్ని జవాబులు గుర్తొస్తాయి, వాటికి కూడా దారి చూపించగలిగితేనే టిక్కు పెట్టు. ఆ మూడు అంకెలూ, ఒక జీఏటీ పేపర్ చేసి దాని మార్కులూ నాకు రాసి పంపు, నాన్నగారికి ఏం చెప్పాలో అప్పుడు చూద్దాం.