ఉద్యోగం, ఆట, రేడియో కామెడీ మూడూ ఒక్కరే నెట్టుకురావచ్చా?

పగలు ఉద్యోగం, సెలవు రోజు షటిల్ టోర్నీలు, మధ్యలో రేడియోలో హాస్య నాటికలు... మూడూ కుదురుతాయా, ఒకటి వదిలేయాలా అని అడిగారు. మీకు అందరూ ఆట మానేయమనే చెబుతారు. నేను మాత్రం ఆ మాట చెప్పను.

నాది తిరుపతే. పగలు తిరుచానూరు రోడ్డులో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తా, సాయంత్రం శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో డబుల్స్ ఆడతా, పిలుపొస్తే ఆకాశవాణి నాటికల్లో చిన్న వేషాలేస్తా. నాకు ఈ విషయంలో ధైర్యం ఇచ్చింది కెన్నెత్ హార్న్ అనే ఇంగ్లీషు రేడియో హాస్యనటుడు, 1907లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో టెన్నిస్ బాగా ఆడాడు, తర్వాత రెండుసార్లు వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్లిన బన్నీ ఆస్టిన్‌తో జోడీగా కూడా. చదువు మాత్రం గాలికొదిలేశాడని యూనివర్సిటీ వాళ్లు బయటికి పంపేశారు (మన ఇళ్లలో అయితే ఎంత గోల జరిగేదో). కార్ల అద్దాలు చేసే ట్రిప్లెక్స్ కంపెనీలో చేరి పెద్ద హోదాకి ఎదిగాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో ఉంటూనే బీబీసీలో నవ్వించడం మొదలుపెట్టాడు. యుద్ధం అయ్యాక కూడా పగలు కంపెనీ పనే, రేడియో పక్కపని.

ఆయన రికార్డింగులు నెట్‌లో దొరుకుతాయి, 1965 నుంచి 68 దాకా బీబీసీ రేడియోలో వచ్చిన కామెడీ 'రౌండ్ ద హార్న్' వినండి. జోకులు పేల్చేది కెన్నెత్ విలియమ్స్, హ్యూ ప్యాడిక్ లాంటి తోటి నటులు, ఈయన మధ్యలో పెద్దమనిషిలా, ఏమీ అర్థం కానట్టు ఒక ప్రశ్న వేస్తాడు అంతే, హాలు గొల్లుమంటుంది. రెండర్థాల మాటలు కూడా ఆ అమాయకపు గొంతు వల్లే సాగిపోయాయి. నాకైతే అది అచ్చం డబుల్స్ ఆటలా అనిపిస్తుంది: షటిల్‌ని సరిగ్గా లేపి పెట్టేది నువ్వు, స్మాష్ కొట్టేది పార్ట్‌నర్. నేను ఆడిషన్లలో ఎప్పుడూ పంచ్ డైలాగున్న వేషం అడగను, ఎదుటివాడికి అందించే వేషమే అడుగుతా. దానికి పోటీ తక్కువ, అది బాగా చేసేవాళ్లూ తక్కువే. ఆట మానేయొద్దనేది అందుకే, పక్కవాడి టైమింగ్ పట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1958 మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది, కొంతకాలం మాటే పడిపోయింది. కోలుకున్నాక వదిలేసింది రేడియోని కాదు, వ్యాపారాన్ని. అదే ఏడాది జూలైలో కొత్త కామెడీ సిరీస్ మొదలుపెట్టాడు. చివరికి 1969 ఫిబ్రవరి 14న ఒక అవార్డుల ఫంక్షన్ నడిపిస్తూ గుండెపోటుతో కుప్పకూలిపోయాడు, అప్పటికి 61 ఏళ్లే.

మన జీతాలతో ఉద్యోగం వదిలేయడం కుదరదు కదా. అందుకని సింగిల్స్ మానేసి డబుల్స్ ఒక్కటే ఆడండి. బయటి ఊరి టోర్నీలకు రాత్రి బస్సెక్కి పోవడం ఆపండి, మనిషిని కుదేలు చేసేది ఆ నిద్రలేమే. రికార్డింగ్ ముందు రోజు మాత్రం కోర్టు వైపే వెళ్లొద్దు, పాయింట్ పాయింటుకీ అరిచి గొంతు పోతే మైకు దగ్గర దాచలేరు.