సైదాపురం రాయి ఎందుకు కరగట్లేదు?

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె అండీ. సిరామిక్స్ నేర్చుకుని వచ్చి ఇంటి దగ్గరే పని మొదలుపెట్టా. మా ఎర్ర నేల, అభ్రకం గనుల గుట్టలు, పెన్న ఇసక ఇవన్నీ నా గిన్నెల్లో కనపడాలని కోరిక. చెరువు మట్టితో గిన్నెలు చేసి, సైదాపురం ఫెల్డ్‌స్పార్ (బాగా వేడెక్కితే కరిగి గాజులా అయ్యే రాయి) పొడి నీళ్ళలో కలిపి పూసి, మా ఊరి కుమ్మరి ఆవంలో కాల్పించా. పూత తెల్లటి పొడిగానే ఉండిపోయింది, చెయ్యి పెడితే రాలిపోతోంది. మన రాయితో గ్లేజ్, అదే గాజులాంటి నున్నటి పూత, అవదా?

జవాబు: ఎందుకవదమ్మా, బ్రహ్మాండంగా అవుతుంది, మీకు వేడి చాల్లేదు అంతే. ఊరి ఆవం ఎంత మండినా 800, 900 డిగ్రీల దగ్గరే ఆగిపోద్ది, ఫెల్డ్‌స్పార్ కరగాలంటే 1200 దాకా పోవాలి. పోనీ గ్యాస్ కొలిమిలో అంత వేడి ఇద్దామంటే ఇంకో తంటా, చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి ఆ వేడికి గిన్నె ఉబ్బి, వంగి, కింద షెల్ఫ్‌కి అతుక్కుపోద్ది. అందుకే గిన్నె వరకు స్టోన్‌వేర్ మట్టితో (అంత వేడికీ వంగకుండా గట్టిపడే మట్టి) చెయ్యండి, అది బయట కొన్నదైనా నామోషీ ఏం లేదు. పాండిచ్చేరిలో 1971లో డెబోరా స్మిత్, రే మీకర్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టాక అక్కడ ఈ పని బాగా పాతుకుపోయింది, మట్టి ఎక్కడ దొరుకుద్దో అక్కడివాళ్ళని అడగండి.

మీ ఊరిని పైపూతలోకి తీసుకురండి. గిన్నెగా నిలబడని ఆ చెరువు మట్టినే పల్చగా కలిపి, సన్న జల్లెడ పట్టి పూసి చూడండి, ఇనుము ఎక్కువున్న మట్లు చాలావరకు 1250 దగ్గర కరిగి ముదురు గోధుమ రంగు గ్లేజ్ అయిపోతాయి. ఇంక మన నెల్లూరోళ్ళకున్న అసలైన ఆస్తి రైస్‌మిల్లు ఊక బూడిద, అందులో 80 శాతం పైనే సిలికా, అంటే ఇసకలో, పలుగురాయిలో ఉండే పదార్థమే. ఊక బూడిద, కట్టె బూడిద, ఫెల్డ్‌స్పార్ మూడూ సమానంగా తూచి మెత్తగా నూరి పూస్తారు, జపాన్‌లో ఈ పద్ధతి పాతదే. కట్టె బూడిదకి సరుగుడు బాగుంటుంది, గ్లౌజులు లేకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఆ నీళ్ళు చర్మాన్ని తినేస్తాయి. ముందు అగ్గిపెట్టంత బిళ్ళలు చేసి వాటిమీద వెయ్యండి. పూత పల్చబడిన అంచు దగ్గర కింది మట్టి రంగు బయటపడి, మందంగా జారి ఆగిన చోట పాల మీద నీలం తేలినట్టు కనపడితే కుదిరినట్టే.

అభ్రకం మెరుపు సంగతి వేరు. 1200లో ఆ మెరుపు పోతుంది, కాబట్టి దానికి మీ ఊరి ఆవమే కరెక్టు. అభ్రకం పొడి ఎర్రమట్టి పూతలో కలిపి, పచ్చిదనం కొంచెం ఆరాక నున్నటి గులకరాయితో రుద్ది కాల్పించండి, మెరుస్తది. గిన్నె మీద కొండ బొమ్మ గీయడం కన్నా ఇదే మీ నేల అనిపిస్తది, నాకు మాత్రం మనస్ఫూర్తిగా ఇదే ఇష్టం.

ప్రశ్న: ఒంగోలులో ఉంటా. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర గుట్టలుగా పడేసిన స్లర్రీ (రాయి కోసినప్పుడు వచ్చే బురద) తెచ్చుకుంటే గ్లేజ్‌కి పనికొస్తదా? అందులో అన్నం తినొచ్చా?

జవాబు: పనికొస్తది. చీమకుర్తి నల్ల గ్రానైట్, అదే బ్లాక్ గెలాక్సీలో ఇనుము ఉంది కాబట్టి కరిగితే ముదురు గోధుమ, నలుపు వస్తాయి. ఆ రాతిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ అనే ఖనిజం మాత్రం కరిగాక మిగలదు, దానిమీద ఆశ పెట్టుకోవద్దు. కోత రంపాల ఉక్కు రజను, సున్నం కూడా స్లర్రీలో కలిసొస్తాయి, ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కోలా ఉంటది, అందుకని ఒకే చోట ఒక బస్తా తెచ్చుకుని, ఆరబెట్టి, అయస్కాంతం తిప్పి, జల్లెడ పట్టి దాంతోనే టెస్టులన్నీ చెయ్యండి. ఒంటిగా కరక్కపోతే కట్టె బూడిద కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి.

తినే ప్లేట్లకైతే నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ చోట రంగు మారినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజ్ తినేవాటికి వద్దు, మన చేపల పులుసులో చింతపండూ పులుపే కదా. మారకపోయినా రోజూ తినే ప్లేట్లంటే, అమ్మేముందు ల్యాబ్‌లో ఒకసారి చూపించండి.

ఇద్దరికీ ఒక మాట. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, గ్రానైట్, ఊక బూడిద ఏదైనా పొడిగా ఉన్నప్పుడు ఎన్95 మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు, చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతోనే తుడవండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తది, దాన్ని నయం చేసే మందు లేదు. పిల్లలు తిరిగే వరండాలో ఈ పని అసలు పెట్టుకోకండి.