‘వేసే ముందు’నా, ‘వేయక ముందు’నా?

సందేహం: మేం నలుగురైదుగురం ‘వ్యాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్’ అనే పత్తాలాట ఆడుతాం. పోరు నియమాలను తెలుగులో రాసుకుంటున్నాం. ఒక పత్తా గురించి ‘దెబ్బ వేసే ముందు మాత్రమే వాడాలి’ అని రాస్తే లొల్లి అయింది. ఒకడు తన దెబ్బ ఏదో చెప్పేసినంక రెండోవాడు ఆ పత్తా దించి, ‘దెబ్బ ఇంకా తగల్లేదు కదా, వేసే ముందే దించిన’ అన్నాడు. ‘వేసే ముందు’ సరా, ‘వేయక ముందు’ సరా? ‘టైమింగ్’ను ‘సమయపాలన’ అనొచ్చా? ‘ఫస్ట్ స్ట్రైక్’కు ‘మొదటి దెబ్బ’, ‘ప్రెస్’కు ‘పట్టు’ అన్నాం, బాగున్నాయా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం రెంటినీ ఒప్పుకుంటుంది. అర్థం మాత్రం ఒకటి కాదు. ‘పెళ్లి కాక ముందు’ అంటే పదేళ్ల కిందటి సంగతైనా కావచ్చు. ‘పెళ్లి అయ్యే ముందు’ అంటే పందిట్లో పీటల దగ్గరికి వచ్చినట్టే. ‘నేను పుట్టక ముందు ఊళ్లో కరువొచ్చింది’ అంటాం, అక్కడ ‘పుట్టే ముందు’ అనం. ‘వేయక’ వంటి వ్యతిరేక క్త్వార్థం హద్దు ఒక్కటే గీస్తుంది, దానికి ఇవతల ఎంత దూరమైనా సరే. ‘వేసే’ వంటి తద్ధర్మ రూపం పనిని ఆనుకొని నిలబడుతుంది కానీ, ఆ పని మొదలైందో లేదో చెప్పదు. మీ లొల్లికి సగం కారణం ఇదే.

మిగతా సగం ‘ముందు’లోనే ఉంది. ‘ముందు’ మొదట కాలాన్ని చెప్పే మాట కాదు, చోటును చెప్పే మాట. ‘మున్’ అనే ద్రావిడ ధాతువు తమిళ కన్నడాల్లోనూ ఉంది. ఇంటి ముందు జాగా ముంగిలి, చేతి ముందు భాగం ముంజేయి, నుదుటి మీద పడే కురులు ముంగురులు. మాట పూర్తికాక ముందే కోపం వచ్చేవాడు ముంగోపి. ఇవన్నీ నిఘంటువుల్లో దొరుకుతాయి. నాకు ఇష్టమైన మాట మాత్రం పొలంలో దొరుకుతుంది. అది మునుము, మన వాడుకలో మునుం. కలుపు తీసేవాళ్లు, నాటు వేసేవాళ్లు వరుసగా నిలబడి, ఎవరి ముందున్న జాగా వాళ్లు పట్టుకుని, ఒడ్డు దాకా సాగడమే మునుం పట్టడం. అందులో మర్యాద ఒకటుంది. దాటొచ్చిన జాగాలో గడ్డిపోచ మిగిలిందని ఎవరూ వరుస విడిచి వెనక్కి పోరు. పోతే మునుం చెదురుతుంది. ఒడ్డు చేరినంక కావాలంటే కొత్త మునుం పడతారు. పంటచేలో తిరిగే ఇంత చక్కని మాట ఉండగా మనవాళ్లు పత్రికల్లో ‘ముందస్తుగా ముందే హెచ్చరించారు’ అని రాస్తున్నారు. ముందుకు ముందు ఎందుకో!

మీ ఆటలో పోరు కూడా మునుమే. 1994లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా ‘జిహాద్’ పేరుతో వచ్చి, మరుసటి ఏడు పేరు మార్చుకున్న ఆట ఇది. ఇందులో ఒక్కో రౌండు ఒడ్డు నుంచి ఒడ్డుకు సాగుతుంది. మొదట ఎడం, అంటే ఇద్దరి మధ్య దూరం, తేలక ముందు వాడే పత్తాలు. తర్వాత ఎడం తేల్చుకోవడం, అంటే దగ్గరి పోరా దూరపు పోరా అన్నది. ఆ తర్వాత దెబ్బ ఎంచుకోక ముందు వాడేవి. అప్పుడు దెబ్బలు ఎంచుకోవడం, అవి తగలడం, గాయాన్ని ఆపుకోవడం, ఆపలేనిదాన్ని రక్తం ఖర్చుపెట్టి మాన్పుకోవడం. అదనపు దెబ్బలుంటే అవి. చివరన ప్రెస్, అంటే పోరు ఇంకో రౌండు సాగాలా వద్దా అన్నది. ప్రతి మెట్టులోనూ చర్య మొదలుపెట్టినవాడికే తొలి అవకాశం.

ఎడం తేల్చుకునే మెట్టు దగ్గర నాకు బమ్మెర పోతన గుర్తుకు రాకుండా ఉండడు. గజేంద్రుడూ మొసలీ పెనుగులాడే కందం మొదటి రెండు పాదాలు చూడండి:

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్

ఏనుగును మడుగులోకి మొసలి గుంజుతుంది, మొసలిని గట్టుకు ఏనుగు గుంజుతుంది. ‘తిగుచు’ రెండుసార్లే వచ్చింది, అదీ ఒకరి తర్వాత ఒకరికి. ఒక గుంజుడుకు ఎదురు గుంజుడు. ఎడం మార్చే మీ ‘మెన్యూవర్’ అచ్చంగా ఇదే. ఏమీ చేయకపోతే పోరు దగ్గరిదే. ఒకడు గుంజితే దూరమవుతుంది, రెండోవాడు గుంజితే మళ్లీ దగ్గరవుతుంది. తాను గుంజినదాన్ని తానే వెనక్కి గుంజుకోవడానికి లేదు. వరుసగా ఇద్దరూ ‘చాలు’ అన్నప్పుడు ఎడం తేలుతుంది. ‘యుక్తి’, ‘విన్యాసం’ వంటి మాటల కోసం వెతుక్కోకుండా ‘గుంజుడు’ అని రాసుకోండి, పోతన కాదనడు.

ఇక తగాదాకు వద్దాం. మీరు పత్తా పేరు రాయలేదు గానీ, వివరం చూస్తే ‘ఇమ్మోర్టల్ గ్రాపుల్’ అనుకుంటాను. అది దించితే ఆ రౌండులో ఇద్దరూ చేతి దెబ్బలే వేయాలి. దగ్గరి పోరులోనే, అదీ దెబ్బలు ఎంచుకోక ముందే చెల్లుతుంది. ఎదుటివాడు ‘పోరు ముగింపు’ దెబ్బ ప్రకటించినంక దించితే, వాడి ఎంపిక చూసి వాడి చేయి కట్టేసినట్టు. ఆ మెట్టు దాటిపోయింది, కాబట్టి దించినవాడిదే తప్పు. ఈ పొరపాటు తరచుగా ఎందుకు జరుగుతుందంటే, చేతిలో ఏడు పత్తాలు ఉండాలి గనుక ఒకటి దించగానే కట్టలోంచి మరొకటి వస్తుంది. దెబ్బ పత్తా దించి, దాని బదులు గ్రాపుల్ రాగానే చేయి ఆగదు. మెట్టు ఇంకా నడుస్తుంటే వచ్చిన పత్తాను వెంటనే వాడవచ్చు, దాటితే చేతిలో పెట్టుకోవలసిందే.

అయితే అసలు తప్పు మీ క్రియాపదానిది. ‘వేయు’ అన్న ఒక్క మాటలో ఎంచుకోవడమూ తగలడమూ రెండూ ఇరికాయి. ఆ రెంటినీ విడదీయండి: ‘దెబ్బ ఎంచుకోక ముందు’, ‘దెబ్బ తగలక ముందు’. ‘ఎంచుకోక ముందు’ ఒక్కటే రాసినా, పైన చెప్పినట్టు, వెనకవైపు హద్దు లేదు. ఎడం తేలకుండానే దించేస్తాడు మరొకడు. అందుకని ‘ఎడం తేలినంక, దెబ్బ ఎంచుకోక ముందు’ అని రెండు ఒడ్లూ కట్టండి. కాస్త పొడుగు. ఇంతకంటే పొట్టిగా చెప్పగలిగితే నాకు అభ్యంతరం లేదు.

‘సమయపాలన’ వద్దు. అది వేళకు ఆఫీసుకు పోయేవాడి గుణం. ‘అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు’ అన్నారు కదా, టైమింగ్ అంటే అదను.

‘మొదటి దెబ్బ’ కూడా తప్పుదోవ పట్టిస్తుంది. మొదలు అంటే చెట్టు మొదలు, ఎక్కడ పుట్టిందో ఆ చోటు. అదనపు దెబ్బలున్నప్పుడు తొలి విడతది మొదటి దెబ్బ. ఫస్ట్ స్ట్రైక్ సంగతి వేరు, అది ఎదుటి దెబ్బ కంటే ముందు తగులుతుంది. దాంతో ఎదుటివాడు టార్పర్‌లోకి, అంటే కదలలేని మొద్దునిద్రలోకి, పడిపోతే వాడి దెబ్బ ఇక తగలదు. కనుక ‘ముందు దెబ్బ’. పోరు ముగింపు దెబ్బ మాత్రం దానికన్నా ముందే ఫలిస్తుంది, అది మరవకండి.

‘పట్టు’ దగ్గర మాత్రం తటపటాయిస్తున్నాను. పోరును ఇంకో రౌండు సాగదీయడానికి పట్టు బాగుంది. కానీ ఎదుటివాడి ప్రెస్‌ను కొట్టేసి పోరు ముగించడానికీ అదే ప్రెస్ పనికొస్తుంది. దాన్ని ‘విడుపు’ అందామంటే పట్టూ విడుపూ జంట కుదురుతుంది గానీ, పత్తా ఒకటే గనుక కొత్తవాడు రెండు రకాలున్నాయనుకుంటాడు. ప్రస్తుతానికి ‘ప్రెస్’ అనే ఉంచండి.