కరణీకం రద్దయింది, మాన్యం ఎవరిది?

ప్రశ్న: ముత్తాతగారి కాలం నుంచి కరణీకం మా ఇంట్లోనే ఉండేది. మా పెదనాన్నగారు చివరి కరణం. 1984లో పదవి రద్దయినా మాన్యం భూమి ఆయన పేరనే కొనసాగుతోంది. పదవే లేనప్పుడు ఆ భూమి మీద హక్కు ఎలా నిలిచింది? అందులో మా నాన్నగారికి వాటా లేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ భూమీ పెదనాన్నగారి పదవీ విడిపోయింది 1984లో కాదు, బహుశా మీ ముత్తాతగారి నాడే. మాన్యం మొదట్లో జీతానికి బదులు ఇచ్చినది. గ్రామ లెక్కలు రాసినంతకాలం శిస్తు లేకుండానో, స్వల్పమైన కట్టుబడితోనో (మామూలు శిస్తుకు బదులుగా కట్టే తక్కువ మొత్తం) అనుభవించి, పని మానితే తర్వాత వచ్చినవారికి వదలవలసిందే. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇలాంటి ఇనాం భూముల హక్కులు విచారించే ఇనాం కమిషన్‌ను నియమించాక, ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో గ్రామోద్యోగుల మాన్యాలు చాలావాటిని సేవ షరతు నుంచి విడిపించి, కట్టుబడి నిర్ణయించి, కరణం పేరనే టైటిల్ డీడ్ (హక్కు పత్రం, టి.డి.) ఇచ్చారు. కరణానికి నగదు జీతం వేరుగా ఏర్పడింది. అలా విడిపించిన కరణీకం మాన్యం ఎవరి పేర డీడ్ ఇచ్చారో వారి సొంత ఆస్తి అవుతుందనీ, ఉమ్మడి కుటుంబంలోని తక్కినవారు అందులో వాటా అడగలేరనీ అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రివీ కౌన్సిల్ 1921లో తీర్పు చెప్పింది.

ఈ తీర్పును సగమే చదివి మీ నాన్నగారికి వాటా లేదనడం సరికాదు. డీడ్ పొందిన కరణం సోదరులకు అందులో భాగం లేదన్నమాట నిజమే గాని, ఆయన గతించాక, వీలునామా రాసి ఉండకపోతే, ఆ భూమి ఆయన వారసులందరికీ దక్కుతుంది. కరణీకం చేసిన కొడుకుకే చెందాలన్న నియమం లేదు. రెవెన్యూ రికార్డులో పెదనాన్నగారి పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్యం ఆయన ఒక్కరిదేనని తేలిపోదు.

పదవి సంగతి పూర్తిగా వేరు. 1895 నాటి మద్రాసు చట్టం గ్రామోద్యోగాలను వంశపారంపర్యంగా ఉంచింది. గుంటూరు జిల్లా పెరవలిపాలెంలో మరో గ్రామోద్యోగమైన మునసబు పదవిపై వచ్చిన గాజుల దశరథరామారావు కేసులో, వంశాన్ని బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశం కల్పించే రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తేల్చింది. ఎంతో విలువైన తీర్పు అది. అయినా అప్పటికే పదవుల్లో ఉన్నవారు కొనసాగారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ పదవులనే ఎత్తివేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయితే ఆ రద్దు పదవికే పరిమితం. అప్పటికే టైటిల్ డీడ్ కింద సొంతమైన భూమిని అది తాకలేదు.

కాబట్టి ముందుగా మీ గ్రామ ఇనాం ఫెయిర్ రిజిస్టరు (ఇనాం కమిషన్ విచారణ నమోదు పుస్తకం), రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరుల నకళ్లు తీయించండి. సర్వే నంబరుకు ఎదురుగా టి.డి. నంబరు, దాని పక్కన మీ ముత్తాతగారి పేరు ఉంటే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. టి.డి. నంబరు లేక, సేవ కొనసాగినంతవరకే అన్న షరతు కనిపిస్తే మాత్రం విషయం మారుతుంది. ఆ నకళ్లతో సివిల్ న్యాయవాదిని కలిశాకే పెదనాన్నగారితో పంపకాల మాట ఎత్తండి.